నోటిపూత అనుకున్నాను

2022 ఆగస్టులో నా నోరు పూసింది. మా ఇళ్ళల్లో నోరు పూస్తే ఎవరూ కంగారుపడరు. వేడి చేసిందంటారు, నెయ్యి రాసుకోమంటారు, రెండు రోజులు కారం మానమంటారు. నేనూ అదే చేశాను. పది రోజులైనా కింది పెదవి లోపలి పూత అలాగే ఉంది. నాలుక అంచున ఇంకొకటి లేచింది. అమ్మ పటిక నీళ్ళు పుక్కిలించమంది. అత్తయ్య జామ చిగుళ్ళు తెచ్చి నమలమంది. మందుల షాపులో బి-కాంప్లెక్స్ మాత్రలు, పుండ్ల మీద రాసుకునే జెల్ ఇచ్చారు. సెప్టెంబరు గడిచిపోయింది. పూత తగ్గకపోగా దవడల లోపలికి పాకింది.

నేను గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. రోజుకి ఐదారు పీరియడ్లు నోరు మూయకుండా మాట్లాడే ఉద్యోగం. పద్యాన్ని రాగంతో చదివితేనే పిల్లల చెవిలో నిలుస్తుందని నా నమ్మకం. సీస పద్యం పాదం మొత్తం, ఎనిమిది గణాలూ, మధ్యలో ఊపిరి తీసుకోకుండా చదివేదాన్ని. అది మా నాన్న దగ్గర నేర్చుకున్నది. అక్టోబరు వచ్చేసరికి హాజరు పిలవడమే కష్టమైంది. "ప" అన్నా "బ" అన్నా పెదవులు కలవాలి. కలిస్తే మంట.

ఊళ్ళో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు హెర్పిస్ అనే వైరస్ వల్ల కావచ్చని వారం రోజులు మందు ఇచ్చారు. తగ్గలేదు. పళ్ళ డాక్టరు గారు చిగుళ్ళు క్లీన్ చేశారు. ఆ రోజు నోట్లోంచి వచ్చిన రక్తం చూసి ఆయనే భయపడ్డారు. కడుపులో అల్సరేమో అని ఇంకొకరు ఎండోస్కోపీ చేయబోయి, గొంతు పరిస్థితి చూసి ఆపేశారు. వీళ్ళందరూ మంచివాళ్ళే. ఎవరి భాగం వాళ్ళు చూశారు. నేను మాత్రం నోరు, గొంతు, పెదవి అని ముక్కలు ముక్కలుగా తిరిగాను.

నవంబరులో పెదవులు మారిపోయాయి. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చివరికి జబ్బు పేరు బయటపెట్టింది ఈ పెదవులే. మామూలు నోటిపూత పెదవి లోపలే ఉంటుంది. నాకు బయటికి, లిప్‌స్టిక్ వేసుకునే మేర అంతా పుండై, దాని మీద నల్లగా రక్తం పక్కు కట్టింది. రాత్రి నిద్రలో పై పెదవి, కింది పెదవి అతుక్కుపోయేవి. పొద్దున్నే లేవగానే నోరు తెరుచుకునేది కాదు. మా ఆయన గోరువెచ్చని ఉప్పు నీళ్ళలో దూది తడిపి నా పెదవుల మధ్య పెట్టి కూర్చునేవారు. పక్కు నానడానికి పావుగంట పట్టేది. తొందరపడి లాగితే చర్మం కూడా ఊడి వచ్చేది. ఆ పావుగంట నేను మాట్లాడలేను కాబట్టి ఆయనే ఏదో ఒకటి చెప్పేవారు. పాలవాడి సంగతి, పొలం కౌలు సంగతి, పాప కాలేజీ ఫీజు సంగతి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అంత మాట్లాడింది ఆ రోజుల్లోనే.

కళ్ళు కూడా ఎర్రబడి ఊసులు కట్టేవి. తినడం దాదాపు పోయింది. మజ్జిగ తేట, సగ్గుబియ్యం జావ, చల్లారిన బార్లీ నీళ్ళు, అవీ స్ట్రాతో. తినే ముందు లిగ్నోకెయిన్ జెల్ రాసుకుంటే ఓ పావుగంట తిమ్మిరెక్కేది, ఆలోపే మింగేయాలి. స్టాఫ్ రూములో ఒకరిద్దరు నా మంచినీళ్ళ గ్లాసు విడిగా పెట్టారు. అంటుకుంటుందని భయం. నాకూ తెలియదు కదా, ఏమనగలను? ఇది అంటుకునే జబ్బు కాదని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి సెలవు పెట్టేశాను.

డిసెంబరులో వీపు మీద, రొమ్ము పైభాగాన పొక్కులు లేచాయి. నీటి పొక్కులు, పలచని పొరతో, బట్ట రాసుకున్నా చితికేవి. అప్పుడు గానీ స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మాకు తట్టలేదు. నోట్లో పుండుకి స్కిన్ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళతాం? వెళ్ళాలట. నెలకు పైగా మానని నోటి పుండు వాళ్ళకు తెలిసిన జబ్బు కావచ్చు. ఆ గదిలో డాక్టరు గారు పొక్కు పక్కనున్న మంచి చర్మాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దారు. తడిసిన కాగితంలా పైపొర జారిపోయింది. "పెంఫిగస్ కావచ్చమ్మా, ముక్క తీసి పంపాలి" అన్నారు.

ముక్కలు రెండు తీయాలి. ఒకటి ఫార్మాలిన్‌లో వేసి మామూలు మైక్రోస్కోపు కింద చూస్తారు. రెండోది పొక్కు పక్కనున్న చర్మం నుంచి తీసి, ఫార్మాలిన్ తగలకుండా వేరే ద్రావణంలో పంపాలి. అందులో యాంటీబాడీలు ఎక్కడ అతుక్కున్నాయో ఫ్లోరోసెంట్ రంగుతో చూస్తారు, ఇమ్యునోఫ్లోరోసెన్స్ అంటారు. నా రెండు ముక్కలనూ ల్యాబుకి పంపేవాళ్ళు ఒకే ఫార్మాలిన్ సీసాలో వేసేశారు. ఫార్మాలిన్ తగిలాక ఆ పరీక్ష కుదరదు. పది రోజులు ఎదురుచూశాక, మళ్ళీ రమ్మని ఫోన్ వచ్చింది. మళ్ళీ సూది, మళ్ళీ కోత. నాకు ఒంటి మీద కొత్త గాయం అంటే ఆ రోజుల్లో ఎంత భయమో చెప్పలేను, తీసిన చోటు మూడు వారాలైనా మానేది కాదు. అందుకే ఎవరైనా ఈ బయాప్సీకి వెళుతుంటే, రెండు సీసాలు వేరువేరుగా ఉన్నాయా అని అడగండమ్మా అని చెబుతుంటాను. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

రిపోర్టు పెంఫిగస్ వల్గారిస్ అని వచ్చింది. రక్తంలో డెస్మోగ్లీన్-3 అనే ప్రోటీన్ మీద యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నాయి. డాక్టరు గారు చెప్పింది నేను నా భాషలో ఇలా అర్థం చేసుకున్నాను. మోదుగాకులను ఈనెపుల్లలతో గుచ్చి విస్తరి కుడతాం కదా, మన చర్మంలో కణాలు కూడా అలాగే ఒకదానికొకటి కుట్టి ఉంటాయి. ఆ పుల్లల్లో ఒకటి డెస్మోగ్లీన్. శత్రువుల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు పొరపాటున ఈ పుల్లల మీద పడితే, ఆకులు విడిపోతాయి. విడిపోయిన సందులో నీరు చేరితే పొక్కు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ రోజుకి 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు, దానితో రోగనిరోధక శక్తిని అణిచే అజథయోప్రిన్. నెల తిరిగేసరికి వీపు మీద పొక్కులు తగ్గాయి. ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ పెరిగింది, రాత్రిళ్ళు నిద్ర పోయింది. నోట్లో తెల్లగా ఫంగస్ పట్టి దానికి ఇంకో మందు. ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఏమిటంటే నోరు రవ్వంత కూడా తగ్గలేదు. పైగా ఫిబ్రవరిలో అరచేతుల్లో, గోళ్ళ చుట్టూ ఊదారంగు మచ్చలు లేచాయి. అవి పొక్కుల్లా లేవు. ముట్టుకుంటే గరుకుగా, చదునుగా ఉన్నాయి. డోసు పెంచారు. మందు సరిగ్గా వేసుకుంటున్నానా అని అడిగారు. పత్యం చేస్తున్నానా అని చుట్టాలు అడిగారు. అమ్మ దిష్టి తీసింది. 54 కిలోలు ఉండేదాన్ని, 46కి వచ్చాను.

మార్చిలో తమ్ముడు పట్టుబట్టి హైదరాబాదు తీసుకెళ్ళాడు. "అక్కా, ఇంకొకళ్ళకి చూపిద్దాం. ఆయన్ని తప్పు పట్టడానికి కాదు, ఇంకో కళ్ళతో చూస్తారు" అన్నాడు.

అక్కడి పెద్ద డాక్టరమ్మ నా ఫైలు తెరవలేదు. ముందు పెదవులు చూశారు. తర్వాత అరచేతులు తిప్పి చూశారు. గోళ్ళు చూశారు. కళ్ళ రెప్పలు లాగి చూశారు. తర్వాత ఆ బల్ల మీద పడుకోమని, పొట్ట నొక్కడం మొదలుపెట్టారు. చంకలు, మెడ, గజ్జలు తడిమారు. నోట్లో పుండుతో వస్తే పొట్ట ఎందుకు నొక్కుతున్నారో నాకు అర్థం కాలేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి తమ్ముడి వైపు చూశారు. ఎడమ పక్క నడుము కింద లోతుగా నొక్కినప్పుడు ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఏడు నెలల్లో ఎవరైనా మీకు ఛాతీకి, పొట్టకి సీటీ స్కాన్ తీశారా?" అని అడిగారు.

లేదు.

మర్నాడు తీశారు. ఎడమ కిడ్నీ పక్కన, పొట్ట వెనక భాగంలో, 6 సెంటీమీటర్ల గడ్డ. నున్నగా, గుండ్రంగా ఉంది. రంగు మందు ఎక్కించాక బాగా మెరిసింది, అంటే దానికి రక్తనాళాలు ఎక్కువ. నాకు అక్కడ ఏనాడూ నొప్పి లేదు. బరువు తెలియలేదు. జ్వరం లేదు. నా ఒంట్లో అది ఉందని చెప్పింది నా నోరొక్కటే.

జబ్బు పేరు పారానియోప్లాస్టిక్ పెంఫిగస్. ఎక్కడో ఉన్న కణితి కారణంగా చర్మం, నోరు పొక్కి పుండు కావడం. దీన్ని విడి జబ్బుగా గుర్తించి 1990లో లోకానికి చెప్పింది అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన డాక్టర్ గ్రాంట్ ఆన్‌హాల్ట్, ఆయన సహచరులు. అప్పటికి వాళ్ళు చూసినది ఐదుగురు రోగులనే. నేను డిగ్రీ చదివే రోజులకు పేరు పెట్టి ఎన్నో ఏళ్ళు కాని జబ్బు ఇది. ఇది వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ గానీ, క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ గానీ, కాజిల్‌మన్ జబ్బు గానీ, ఛాతీలో థైమస్ గ్రంథికి వచ్చే థైమోమా అనే గడ్డ గానీ ఉంటాయి. నాకు వచ్చింది కాజిల్‌మన్. లింఫ్ గ్రంథి ఒకటి అకారణంగా పెరిగి గడ్డ కావడం. 1950లలో బోస్టన్‌లో ఆ పేరుగల పాథాలజిస్టు వివరించాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది.

మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న "క్యాన్సరా అమ్మా?" అని. ఒకేచోట ఉండే కాజిల్‌మన్ గడ్డ క్యాన్సర్ కాదని, పూర్తిగా తీసేస్తే సాధారణంగా మళ్ళీ రాదని డాక్టరమ్మ చెప్పారు. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. ఆవిడ అక్కడితో ఆపలేదు. "గడ్డ మంచిదే కావచ్చు, కానీ అది చేయించే పని మంచిది కాదు. తీసేశాక కూడా కొంతకాలం ఆ పని సాగుతుంది. ఊపిరితిత్తుల మీద కన్నేసి ఉంచాలి" అన్నారు. ఊపిరితిత్తుల మాట ఆ రోజు మా చెవికి ఎక్కలేదు.

అసలు పొట్టలో గడ్డకీ నోటికీ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు, డాక్టరమ్మను మూడుసార్లు అడిగాను. ఆ గడ్డలో ఉన్నవి యాంటీబాడీలు తయారుచేసే జాతి కణాలే. చర్మాన్ని, నోటి పొరను పట్టి ఉంచే ప్రోటీన్ల మీదికి పోయే యాంటీబాడీలను ఆ కణాలే తయారుచేస్తున్నాయని చైనాలో డాక్టర్లు ఇలాంటి గడ్డల్లోనే పరీక్షించి 2004లో చూపించారట. మామూలు పెంఫిగస్‌లో బయటి పుల్లలైన డెస్మోగ్లీన్ల మీదే దాడి. నా జబ్బులో వాటితోపాటు, కణం లోపల ఆ పుల్ల మొదలు పట్టుకుని ఉండే ప్లాకిన్లు అనే ప్రోటీన్ల మీద కూడా దాడి జరుగుతుంది. ఎన్వోప్లాకిన్, పెరిప్లాకిన్ అని వాటి పేర్లు. దానికి తోడు తెల్ల రక్తకణాలు నేరుగా వచ్చి చర్మాన్ని కరిచిపెడతాయి, అరచేతుల్లో ఊదా మచ్చలు అందుకే. స్టిరాయిడ్‌కి నా నోరు ఎందుకు లొంగలేదో అప్పుడు అర్థమైంది. నేను మందు సరిగ్గా వేసుకోలేదని కాదు. ఆ మాట వినడం నాకు సగం బలం ఇచ్చింది.

రూఢి చేసుకోవడానికి నా రక్తాన్ని బయటి ల్యాబుకి పంపారు. ఎలుక మూత్రాశయం పొర మీద నా సీరం, అంటే రక్తంలో కణాలు తీసేశాక మిగిలే నీరు, పోసి, యాంటీబాడీ అతుక్కుంటుందో లేదో చూస్తారు. ఆ పొరలో డెస్మోగ్లీన్లు ఉండవు, ప్లాకిన్లు ఉంటాయి. అంటే మామూలు పెంఫిగస్ వాళ్ళ సీరం అక్కడ అతుక్కోదు, నాలాంటి వాళ్ళది అతుక్కుంటుంది. నాది అతుక్కుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పెంఫిగస్ వచ్చిన వాళ్ళలో చాలా ఎక్కువమందికి ఏ గడ్డా ఉండదు. వాళ్ళకు మందులతోనే తగ్గుతుంది. ఇది చదివి ఎవరూ హడలిపోకండి. కానీ పెదవుల బయటి వరకు పుండై రక్తం పక్కు కడుతున్నా, స్టిరాయిడ్‌తో ఒంటి మీద పొక్కులు తగ్గి నోరు తగ్గకపోయినా, పొక్కులతో పాటు అరచేతుల్లో వేరే రకం మచ్చలు వచ్చినా, మెడ కిందికి స్కాన్ తీయమని అడగండి. నేను అడగలేదు, అడగాలని తెలియదు. మూడు నెలలు వృథాగా ఉబ్బిన ముఖంతో గడిపాను.

ఆపరేషన్‌కి ముందు ఐదు రోజులు ఐవీఐజీ ఎక్కించారు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీసిన మంచి యాంటీబాడీలు అవి. కిలో బరువుకి 2 గ్రాముల లెక్కన నాకు 18 సీసాలు పట్టాయి, ఒక్కో సీసాలో 5 గ్రాములు. చాలా ఖరీదు. అమ్మ తన గాజులు తీసి మా ఆయన చేతిలో పెట్టింది, ఆయన తీసుకోలేదు, అమ్మ ఊరుకోలేదు. సీసా మొదలుపెట్టినప్పుడు నెమ్మదిగా, చుక్కలు లెక్కబెట్టినట్టు ఎక్కిస్తారు. తలనొప్పి, చలి వచ్చాయి, వేగం తగ్గిస్తే సర్దుకున్నాయి.

ఆ వార్డులోనే పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. కరీంనగర్ వైపు రైతు. ఆయనకు రక్త క్యాన్సర్, దానితో నాకున్న ఇదే జబ్బు. ఆయన నోరూ నా నోరూ ఒకలాగే ఉండేవి. మేమిద్దరం మాట్లాడలేం కాబట్టి పొద్దున్నే చేతులెత్తి దణ్ణం పెట్టుకునేవాళ్ళం. ఆయన కోడలు "మామయ్య నిన్న రెండు చెంచాలు ఎక్కువ తాగాడమ్మా" అని నాకు చెప్పేది. చర్మం పుండ్లు కొంచెం ఎండుతున్నాయనగా ఆయనకు ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ పెట్టారు. నన్ను ఆపరేషన్‌కి వేరే ఫ్లోరుకి మార్చారు. తిరిగి వచ్చేసరికి ఆ మంచం మీద వేరే దుప్పటి ఉంది.

సర్జన్ గారు ఆపరేషన్ ముందురోజు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ముందు గడ్డకు వెళ్ళే రక్తనాళాలన్నీ కట్టేస్తారు, ఆ తర్వాతే గడ్డను కదుపుతారు, ఎక్కడా పిండరు. గడ్డను నలిపితే అందులో ఉన్న యాంటీబాడీలు ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. మత్తు డాక్టరు గారి దిగులు వేరు. నోరంతా పచ్చి పుండు, అందులోంచి గొంతులోకి గొట్టం వేయాలి. మామూలుగా గొట్టం జారకుండా ముఖానికి ప్లాస్టర్ అంటిస్తారు. నాకు ప్లాస్టర్ అంటిస్తే తీసేటప్పుడు చర్మం వస్తుంది. అంతకుముందు వారమే చేతికి సెలైన్ సూది ప్లాస్టర్ తీస్తే రూపాయి బిళ్ళంత తోలు ఊడింది. అందుకని గొట్టాన్ని మెత్తని నూలు కట్టుతో చెవుల మీదుగా కట్టారట, కింద వ్యాసలిన్ పూసిన గాజుగుడ్డ పరిచారట. బీపీ పట్టీ కింద కూడా దూది చుట్టారు. ఇవన్నీ నర్సమ్మ తర్వాత చెప్పింది. పెద్ద కోత ఎవరైనా కోస్తారేమో, ఇంత చిన్న జాగ్రత్తలు తీసుకున్నవాళ్ళని నేను మర్చిపోలేను.

గడ్డ చెక్కుచెదరకుండా వచ్చింది. పాథాలజీ రిపోర్టులో కాజిల్‌మన్, హయలిన్ వాస్కులర్ (రక్తనాళాలు ఎక్కువుండే) రకం అని రాశారు.

గడ్డ తీసేశారు కదా, ఇక నోరు మానుతుంది అనుకున్నాం. మొదటి నెల ఏ మార్పూ లేదు. నేను బాగా నీరసించిపోయింది ఆ నెలలోనే, జబ్బు ముదిరినప్పుడు కూడా అంత లేదు. గడ్డ పోయినా రక్తంలో అప్పటికే ఉన్న యాంటీబాడీలు అరగడానికి నెలలు పడుతుంది. నోరు అన్నిటికన్నా ఆలస్యంగా మానుతుంది, ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చని ముందే చెప్పి ఉన్నారు. అయినా రోజూ పొద్దున్నే అద్దం చూసుకోవడం, ఏడవడం. హెపటైటిస్-బి లాంటి పరీక్షలు చేసి, జూన్‌లో పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు రిటుక్సిమాబ్ ఎక్కించారు, యాంటీబాడీలు తయారుచేసే జాతి కణాలను తగ్గించే మందు అది. జూలై మొదట్లో ఒక రోజు నిద్ర లేచి మా ఆయన్ని పిలిచాను. "ఏవండీ" అని. ఆయన దూది గిన్నె పట్టుకుని వచ్చి, సగంలో ఆగిపోయారు. దూది లేకుండానే నోరు తెరుచుకుంది.

ఆ తర్వాత లెక్క నాకు బాగా గుర్తుంది. ఆగస్టులో ఇడ్లీ, పాలలో నానబెట్టి. సెప్టెంబరులో పప్పన్నం, కారం లేకుండా. దసరాకి పులిహోర నోట్లో పెట్టుకుంటే పోపులో ఎండుమిరపకాయ వాసనకే కళ్ళనీళ్ళు వచ్చాయి గానీ మింగగలిగాను. పెదవుల మీద చివరి పుండు మానింది 2024 మార్చిలో. ఊదా మచ్చలు పోయిన చోట నలుపు ఉండిపోయింది. రెండు గోళ్ళు మళ్ళీ సరిగ్గా రాలేదు. స్టిరాయిడ్ కొంచెం కొంచెం తగ్గిస్తూ రోజుకి 5 మిల్లీగ్రాములకు తెచ్చారు.

ఊపిరితిత్తుల సంగతి మిగిలింది.

ఆపరేషన్‌కి ముందే డాక్టరమ్మ నా చేత గొట్టంలోకి ఊదించే పరీక్ష చేయించారు. అప్పుడు బాగానే ఉంది. ఆ రోజు ఆ నంబరు రాసి పెట్టుకోవడం వల్లే తర్వాత తేడా పట్టుబడింది. నోరు మానుతున్న ఆ జూలైలోనే పొడి దగ్గు మొదలైంది. మేడ మెట్లు ఎక్కితే ఆగాల్సి వచ్చేది. ఆపరేషన్ తర్వాతి నీరసం ఇంకా పోలేదు కాబట్టి ఆయాసం అనుకున్నాను. ఆవిడ మాట గుర్తొచ్చి మా ఆయనే వెంటనే తీసుకెళ్ళారు. మళ్ళీ ఊదించారు. మొదటి సెకనులో బయటికి పంపగలిగే గాలి ఉండాల్సిన దానిలో 58 శాతానికి పడిపోయింది. సీటీ స్కాన్ రెండు రకాలుగా తీశారు, ఊపిరి పీల్చి ఒకటి, పూర్తిగా వదిలి ఒకటి. వదిలినప్పుడు తీసిన దాంట్లో ఊపిరితిత్తుల్లో అక్కడక్కడా గాలి బయటికి రాకుండా ఇరుక్కుపోయి నల్లగా కనిపించింది.

బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్ అంటారు. ఊపిరితిత్తుల్లో చిట్టచివర సన్నని గొట్టాలు గాయపడి, మచ్చకట్టి మూసుకుపోవడం. ఈ జబ్బులో మనుషులు పోవడానికి ఇది ఒక పెద్ద కారణం. గడ్డ తీసేసినా, నోరు మానినా ఇది వేరుగా ముదరవచ్చు. మూసుకుపోయిన గొట్టం మళ్ళీ తెరుచుకోదు, ఉన్నవాటిని కాపాడుకోవడమే. పక్క మంచం పెద్దాయన ఆయాసం ఏమిటో నాకు ఆ గదిలో కూర్చున్నప్పుడు తెలిసింది.

ఇన్హేలరు, మందులు, రోజూ ఊపిరి వ్యాయామం. జలుబు చేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళను, మాస్కు తీయను. మూడు నెలలకోసారి ఊదే పరీక్ష. 58, తర్వాత 55, తర్వాత 55, ఇంకోసారి 56. ఆ 55 రెండోసారి వచ్చిన రోజు, ముదరకుండా ఆగిందని డాక్టరమ్మ నా భుజం తట్టారు. ఇంటికి వచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టాను. సగం ఊపిరే అయినా, తగ్గకుండా ఉన్న సగం నాకు చాలా పెద్దది. గడ్డ మళ్ళీ రాలేదు, ఏటా సీటీ తీస్తున్నారు.

2024 జూన్‌లో బడికి వెళ్ళాను. సుద్దపొడి పడకూడదని హెడ్మాస్టరు గారు నా క్లాసుకి వైట్ బోర్డు పెట్టించారు. మంచినీళ్ళ గ్లాసు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనూ ఎత్తలేదు. మొదటి వారం పాఠం మాత్రమే చెప్పాను, పద్యం జోలికి పోలేదు. రెండో వారం తప్పలేదు, తొమ్మిదో తరగతికి సీస పద్యం. నాలుగు ఇంద్ర గణాల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. ఆగాను. పీల్చుకున్నాను. మిగిలిన రెండు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు చదివాను. నాలుగు పాదాలూ అలాగే సగం సగం చేసి చదివాను. రాగం చెడలేదు.

మర్నాడు అప్పజెప్పమన్నాను. ఒక్కొక్కరూ లేచి చదువుతుంటే గమనించాను, నేను ఆగిన చోటే అందరూ ఆగుతున్నారు. ఊపిరి తీసుకుంటున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. పద్యం అలాగే చదవాలనుకున్నారు పాపం.

"నేను ఆగింది నాకు ఊపిరి చాలక" అని చెప్పాను. "మీకు చాలుతుంది. పాదం మొత్తం ఒక్క బిగిన చదవండి."

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడి, గుండె నిండా గాలి పీల్చుకుని మొదలుపెట్టింది.